చప్పుడు లేని సొరుగు

మా మామ పోయాడని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు, సూరత్ పర్వత్ పాటియాలోని మా ఇంట్లో నేను బియ్యం కడుగుతున్నాను. మా ఆయన ఫోన్ పక్కన పెట్టి, "బాపు పోయిండు. శవాన్ని ఇంటికి ఇయ్యరట," అన్నాడు. ఆ బియ్యమే పొయ్యి మీద పెట్టాను. పాపకు ఆకలి వేస్తోంది.

మామ కరీంనగర్ దిక్కు నుంచి పడుచుతనంలోనే సూరత్ వచ్చాడు. మరమగ్గాల చప్పుడులో పని చేసి చేసి చెవులు పోగొట్టుకున్నాడు. మనం అరిస్తేనే వినేవాడు, తానూ అరిచే మాట్లాడేవాడు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అది కోపమనుకుని ఏడ్చేదాన్ని. కోపం కూడా ఉండేదనుకోండి. కూరలో ఉప్పు ఎక్కువైతే "సముద్రం వండినవా" అనేవాడు. అంటూనే తిని, తన కంచం తానే కడుక్కునేవాడు. పాప పుట్టి నేను మంచాన పడ్డప్పుడు, ఎవరూ అడగకుండానే గుడ్డలు ఉతికి ఆరేసింది ఆయనే. పక్కింటావిడ మెచ్చుకుంటే ఆమెనూ కసిరాడు.

లాక్‌డౌన్ వచ్చిన వేసవిలో అత్తమ్మకు కరోనా సోకింది. లోపలి గదిలో పడుకోబెట్టి తలుపు మూశాం. గది పక్కనే వంటిల్లు. గంటెలూ చెంచాలూ పెట్టుకునే సొరుగు అప్పటికే మొరాయిస్తోంది. మెల్లగా దానంతటదే మూసుకునే రకం. కానీ సగంలో ఆగిపోయేది, గట్టిగా గుంజితే గంటెలన్నీ గలగలమనేవి. తలుపు అవతల అత్తమ్మ మూలిగేది.

"మామా, ఈ డ్రాయర్ చప్పుడుకు అత్తమ్మకు నిద్ర పడ్తలేదు," అని అరిచి చెప్పాను.

వడ్రంగులంతా ఊళ్లకు వెళ్లిపోయారు. మామే పూనుకున్నాడు. మొదట మగ్గానికి వేసే నూనె పోశాడు. తెల్లారేసరికి దుమ్మూ పిండీ అంటుకుని జిగురైంది. "సత్యానాశ్ చేసిన," అని తనను తానే తిట్టుకున్నాడు. నేను సొరుగును ఊడబెరకబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"గుంజకు. ఎందుకు ఆగిందో చూడు ముందుగాల."

ఏ పనిలో నేను తొందరపడినా ఆయన అనే మాట అదే. రెండు పక్కలా ఉన్న నల్లటి మీటలు నొక్కి సొరుగును బయటికి తీశాం. పట్టాల్లోని నూనెను గుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో తుడిచేశాం. ఎక్కడ రాసుకుంటోందో ఆయనకు వినిపించదు కదా, అందుకని అరచెయ్యి ఆనించి ఆ పట్టాలను ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు. ఒక స్క్రూ తల పైకి లేచింది, బిగించాడు. ఒక పక్క స్ప్రింగు కొక్కెం జారి వెనక్కి పోయి ఉండటం నేను చూశాను. ముందుకు లాగి గాడిలో కూర్చోబెట్టాడు. సొరుగు ఎక్కించి వేలితో తోస్తే, చివరిదాకా వెళ్లి సద్దు లేకుండా మూసుకుంది.

"ఇగ పండుకోనీ దాన్ని," అని నవ్వాడు.

మర్నాడు సాయంత్రం తలుపు అవతల నుంచి అత్తమ్మ గొంతు సన్నగా వినిపించింది. "బిడ్డా, ఇంట్ల ఎవ్వరు లేరా?"

"ఉన్నం అత్తమ్మా."

"డ్రాయర్ చప్పుడు ఇనొస్తలేదు. నన్ను ఇడిచిపెట్టి అందరు ఊరికి పోయిండ్రనుకున్న."

ఆ రోజుల్లో మా గల్లీలో సగం ఇళ్లకు తాళాలు. ఆమె నిద్ర చెడకూడదని మేం తలుపు తట్టలేదు, అరవనూ లేదు. నిన్నటి నుంచీ ఆమె ఒంటరిగా అదే అనుకుంటూ పడి ఉంది.

"ఏమంటాంది?" అని మామ అడిగాడు. ఆయనకు ఏది చెప్పాలన్నా అరవాల్సిందే. ఆ మాటలే అరిచి చెప్పాను. అవతల ఆమె కూడా విని ఉంటుంది.

మామ లేచి వెళ్లి సొరుగు లాగి బలంగా నెట్టాడు. అది అంచుదాకా పోయి ఆగి, మెత్తగా మూసుకుంది. మళ్లీ లాగాడు, కాలితో తన్నాడు. మళ్లీ మెత్తగానే. చివరికి గంటె తీసుకుని గది గడప మీద కొట్టసాగాడు. "ఈడ్నే ఉన్న. యాడికి పోలే," అని వీధి దాకా వినబడేలా అరిచాడు. మర్నాడు అంబులెన్స్ వచ్చేదాకా మధ్యమధ్య అలా కొడుతూనే ఉన్నాడు.

అత్తమ్మ తిరిగి రాలేదు.

"మంచిగనే చేసిన అనుకున్న," అని ఒక్కసారి అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. సొరుగు ఇప్పటికీ బాగా నడుస్తోంది. దాన్ని మెచ్చుకోలేను, విప్పి పారేయలేను.

మరుసటి ఏడు వేసవిలో ఆయనకే ఊపిరి అందలేదు. ఆసుపత్రిలోకి మమ్మల్ని రానివ్వలేదు. ఒక మధ్యాహ్నం వార్డులో ఎవరో పుణ్యాత్ములు మాకు వీడియో కాల్ కలిపి ఫోన్ ఆయన చేతికిచ్చారు. ఆయన దాన్ని మామూలు ఫోన్‌లాగే చెవికి ఆనించుకున్నాడు. తెర నిండా ఆయన చెవి. నాలుగు తెల్ల వెంట్రుకలు, చెవి మీదుగా పోయిన మాస్కు తాడు, అది కోసుకుపోయిన ఎర్రటి గీత.

"బాపూ, మొకం చూపెట్టు," అని మా ఆయన అరిచాడు. పాప అరిచింది. నేనూ అరిచాను.

"ఏం ఇనొస్తలేదు," అన్నాడు మామ. "అయినా మాట్లాడుండ్రి."

మాట్లాడాం. పొద్దున ఏం వండామో, పాప ఏం బొమ్మ గీసిందో, కుళాయి ఎప్పుడు వచ్చిందో చెప్పాం. ఆ చెవి కదలకుండా మా ముందు అలాగే ఉంది.