చంటి బయటికి వెళ్ళదు

మొన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, పై అంతస్తులోకి కొత్తగా దిగిన ఆవిడ నన్ను ఆపింది. తలెత్తి మా రెండో అంతస్తు కిటికీ వైపు చూస్తూ, "ఏవండీ, ఆ పిల్లిని ఎప్పుడూ అలా లోపలే ఉంచేస్తారేంటండీ? నోరులేని జీవం, పాపం కదండీ?" అంది. నోరు లేకపోవడమేమిటి! ఏడేళ్ళ కిందట దాని నోరు విని ఉంటే ఈవిడ ఆ రోజే ఇల్లు ఖాళీ చేసి ఉండేది. కూరల సంచి చేతులు మార్చుకుని పైకి వచ్చేశాను. మెట్లెక్కుతున్నంతసేపూ ఒళ్ళు మండిపోతూనే ఉంది. ఆవిడ అన్నందుకు సగం, సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు నేనూ అన్నందుకు సగం.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో టీచరుగా చేస్తూ, వెనక పెరడున్న ఒక అద్దె ఇంట్లో ఒంటరిగా ఉండేదాన్ని. మావారు పోయి రెండేళ్ళు. మా అక్క ఏలూరులో, ఇప్పుడు మేమిద్దరం ఉంటున్న ఈ ఫ్లాటులోనే ఉండేది. ఆడపిల్లల హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది, పెళ్ళి చేసుకోలేదు. కోపంలో ఆవిడని మించినవాళ్ళు మా బంధువర్గంలో లేరు. ఆవిడ వరండాలో నడిచి వస్తుంటే తొమ్మిదో తరగతి పిల్లలే కాదు, లెక్కల మాస్టారు కూడా లేచి నిలబడేవారట.

మా పెరట్లో ఒక పసుపచ్చ పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. గోడ అవతల ఉండే ఒక పెద్దమనిషి కొత్త కారు కొన్నాడు. పిల్లి మధ్యాహ్నం పూట వెళ్ళి ఆ కారు మీద పడుకునేది. ఆయన గోడ దగ్గరికొచ్చి రెండుసార్లు, "అమ్మా, మీ పిల్లి మా బండి మీద గీతలు పెడుతోందండీ" అన్నాడు. అది మాది కాదు, పెరటిది అన్నాను. "సరేనండీ" అని నవ్వాడు. ఆ మార్చి నెలలో ఒక ఉదయం బట్టలుతికే బండ పక్కన తల్లీ, రెండు పిల్లలూ చచ్చి పడి ఉన్నాయి. నోటి దగ్గర నురగ. గోడ మీద చిన్న బాదం ఆకులో ఎండు నెత్తళ్ళ చేపలు ఇంకా రెండు మిగిలి ఉన్నాయి, వాటికి ఏదో నల్లటి ముద్ద అంటుకుని ఉంది. మూడో పిల్ల మాత్రం రాత్రి మా వంటింట్లోకి దూరి, ఉల్లిపాయల గంపలో నిద్రపోయి బతికిపోయింది. నాలుగు నెలల పిల్ల. పేరు చంటి.

అక్కకి ఫోన్ చేస్తే మొదటి బస్సు పట్టుకుని దిగిపోయింది. మా ఇంట్లోకి కూడా రాకుండా తిన్నగా ఆయన గుమ్మంలోకి వెళ్ళింది. వెనకాలే నేను. "రండమ్మా, కూర్చోండి, కాఫీ తాగుతారా?" అన్నాడాయన.

"కాఫీకి రాలేదండీ. పిల్లుల్ని చంపింది మీరేనా అని అడగడానికొచ్చాను."

"అబ్బే, ఎంత మాటండీ! ఎలకల కోసం పెట్టామండీ. అవొచ్చి తింటాయని ఎవరనుకుంటారండీ?"

"ఎలకల కోసమైతే మీ ఇంట్లో పెట్టుకోవాలి. మా చెల్లెలి గోడ మీద ఆకేసి వడ్డిస్తారా అండీ?"

"పోనీండమ్మా, పిల్లులే కదా. పొరపాటే అనుకోండి."

మా వైపు మనిషిని చంపినా చివర ఒక 'అండీ' తగిలిస్తే మర్యాద తప్పనట్టే. అక్క మొహం జేవురించింది. అప్పుడు నేనేం చేశానో రాయాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అక్క మోచెయ్యి పట్టుకుని లాగుతూ, ఆయన వైపు తిరిగి, "సరేలెండి, ఏమీ అనుకోకండి" అన్నాను. నా పెరట్లో మూడు శవాలు పెట్టుకుని, ఆయన్ని ఏమీ అనుకోవద్దన్నాను! అక్క చెయ్యి విదిలించుకుంది. చంటిని అదే ఉల్లిపాయల గంపలో పెట్టి, పైన నా పాత చీర కట్టి, ఏలూరు తీసుకుపోయింది. "ఇది ఇంక నేల మీద కాలు పెట్టదు" అంది వెళ్తూ.

చెప్పడం తేలిక. పుట్టినప్పటినుంచి మట్టిలో దొర్లిన పిల్లకి రెండో అంతస్తులో పాలరాతి గచ్చు ఏం అర్థమవుతుంది? మొదటి వారం బీరువా కింద నుంచి బయటికి రాలేదు. అక్క ఇల్లంతా ఒకేసారి చూపించకుండా ఒక్క గది తలుపే తెరిచి ఉంచింది. టబ్బులో ఇసక పోస్తే చంటి దాన్ని వాసన చూసి, అక్క మంచం కింద పని కానిచ్చింది. అక్క ఫోన్లో నా మీద అరిచింది, ఇసకలో కూర్చోకపోవడం నా తప్పైనట్టు. తర్వాత శాంతించి, "మీ పెరటి మట్టి ఒక సంచెడు పట్రా" అంది. ఆ ఆదివారం పాసింజరు రైల్లో మట్టి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, భీమడోలులో ఎక్కిన ఒకాయన "ఏం మొక్కకండీ?" అని అడిగాడు. పిల్లి దొడ్డికి అని చెప్పలేక, గులాబీకి అన్నాను. ఇసకలో ఆ మట్టి సగం కలిపితే చంటి వెంటనే దిగింది. వారం వారం మట్టి తగ్గిస్తూ పోయి, నెలకల్లా వట్టి ఇసకకి అలవాటు చేసింది అక్క.

తిండి సంగతి మరో భాగోతం. మా నాన్నగారు గుడిలో అర్చకులు. మా ఇళ్ళల్లో చేప అన్నది గడప తొక్కి ఎరగదు. అలాంటిది అక్క, కొల్లేటికోట నుంచి గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకొచ్చే చేపలావిడ దగ్గర చిన్న పరిగెలు తీసుకుని, బాల్కనీలో వేరే పొయ్యి పెట్టి, ముక్కుకి కొంగు కట్టుకుని ఉడకబెట్టేది. ఉడుకుతున్నంతసేపూ అందరినీ తిట్టేది: ఆ పెద్దమనిషిని, నన్ను, చేపని. ఆ చేపలావిడే ఒకరోజు, "ఉత్తినే పెట్టకండమ్మగారూ. ఎలకని పట్టినట్టు ముందు ఉరకనివ్వండి, ఆయాసపడ్డాక పెట్టండి. అప్పుడు తిని పడుకుంటాదండి" అని చెప్పింది. అక్క పురికొసకి కాగితం ఉండ కట్టి, మోకాళ్ళ నొప్పులతోనే గదంతా ఈడ్చుకుంటూ తిరిగేది. తర్వాత స్టీలు డబ్బా మీద చెంచాతో మూడు దెబ్బలు కొట్టి అన్నం పెట్టేది. అంతా బడి గంట ప్రకారమే. కిటికీకి వల బిగించి, తన పుస్తకాల బల్ల అక్కడికి జరిపి, చంటికి చూడ్డానికి వీధినంతా ఇచ్చింది.

అయినా సాయంత్రం ఆరయ్యేసరికి చంటి వీధి తలుపు దగ్గరికి వెళ్ళి ఏడవడం మొదలుపెట్టేది. పెరట్లో వాళ్ళమ్మ పిల్లల్ని వెంటేసుకుని తిరిగే వేళ అది. ఏడుపంటే మామూలు ఏడుపు కాదు. గోళ్ళతో తలుపు గీకుతూ, గొంతు బొంగురుపోయేదాకా. "తలుపు దగ్గర పలకరించకు. పలకరిస్తే ఏడిస్తే తెరుస్తారనుకుంటుంది" అని అక్క ఆజ్ఞ. మే నెల సెలవులకి వెళ్ళి నేను పది రోజులు విన్నాను. పదకొండో రోజు, "పాపం అక్కా, నోరులేని జీవం. జైల్లో పెట్టి బతికించడం కూడా ఒక బతికించడమేనా?" అన్నాను. అక్క తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళింది. నేను తలుపు గడియ తీశాను. పొరపాటున కాదు. కావాలనే తీశాను. కాసేపు మెట్ల మీద తిరిగి వస్తుందిలే అనుకున్నాను. చంటి బాణంలా కిందికి దూసుకుపోయింది.

అక్క తడి జుట్టుతో బయటికొచ్చి, తెరిచిన తలుపునీ నన్నూ చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. డబ్బా, చెంచా తీసుకుని, చెప్పులు లేకుండా దిగిపోయింది. వీధి పొడవునా ఆ డబ్బా కొట్టుకుంటూ, ఆటోల మధ్య, స్కూటర్ల మధ్య, "చంటీ, చంటీ" అని పిలుచుకుంటూ వెళ్తుంటే జనం ఆగి చూశారు. ఎవరో నవ్వారు. చివరికి కిరాణా కొట్టు ముందు మురుగు తూము లోపల రెండు కళ్ళు కనిపించాయి. ఒకప్పుడు ఊళ్ళో సగం మంది ఆడపిల్లల్ని హడలెత్తించిన హెడ్మిస్ట్రెస్ నడివీధిలో బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి తూములోకి పెట్టింది. చంటి మోచేతి నుంచి మణికట్టు దాకా చీరేసింది. అయినా అక్క వదల్లేదు. రక్తమోడుతున్న చేత్తోనే దాన్ని గుండెకి హత్తుకుని మెట్లెక్కింది.

నేను డెట్టాలుతో చెయ్యి కడుగుతుంటే అప్పుడు మాట్లాడింది అక్క. మా అక్క భీమడోలు నుంచి ఏలూరు కాలేజీకి రైల్లో వెళ్ళి చదువుకునే రోజుల్లో, ఎవరో ఏదో అన్నారని నాన్నగారు చదువు మాన్పించి ఏడాదిపాటు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ సంగతి నలభై ఏళ్ళలో ఆవిడ నోట ఒక్కసారి కూడా వినలేదు నేను.

"జైలంటే ఏమిటో నాకు నువ్వు చెప్పక్కర్లేదు. నాన్న నన్ను ఆపినప్పుడు బయట ఏముందని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. ఉత్త భయం. దీనికి బయట ఏముందో నువ్వు కళ్ళారా చూశావు. బండ పక్కన చూశావు. చూసి కూడా తలుపు తీశావు" అంది. చెయ్యి వెనక్కి లాక్కుని, "ఆ ఏడాది నాకు ఒక్క పుస్తకం తెచ్చిచ్చినవాడు లేడు. లోపల ఉంచాలంటే లోపల ఏదో ఒకటి ఇవ్వాలి! నేను ఇస్తున్నానా లేదా?" అంది.

ఇచ్చింది. నేనే చూడలేదు. కుక్కకాటుకి వేసే ఇంజెక్షన్లే పిల్లి గీరినందుకూ వేస్తామన్నారు గవర్నమెంటు ఆసుపత్రిలో. ప్రతిసారీ నేనే తోడు వెళ్ళాను. ఆ సెలవులు అయ్యేదాకా సాయంత్రం ఆరింటికి పురికొస నేనే పట్టుకున్నాను. ఏడుపు మొదలవకముందే, వంటింటి వైపు, తలుపుకి దూరంగా.

వానలు పడ్డాక ఒక శనివారం వెళ్ళాను. ఆరయింది. అక్క డబ్బా చేతిలో పట్టుకుని కూర్చుంది. చంటి బల్లెక్కి, కిటికీ వలకి ముక్కు ఆనించి, ఎదురు డాబా మీద తడుస్తున్న పావురాల్ని చూస్తూ ఉండిపోయింది. ఆరున్నరయింది. తలుపు వైపు రాలేదు. నేను సంతోషంగా ఏదో అనబోయాను. అక్క కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా కోపం.

"చూశావా, మర్చిపోయింది. వాళ్ళమ్మ వచ్చే వేళ కూడా మర్చిపోయింది. ఆ గోడవతలి వాడు మూడింటినే చంపాననుకుంటున్నాడు" అంది.

చంటికి ఇప్పుడు ఏడేళ్ళు, అక్కకి డెబ్భై దాటాయి. ఇద్దరూ మధ్యాహ్నం ఒకే మంచం మీద పడుకుంటారు. ఆ పెద్దమనిషి ఇంకా ఉన్నాడనీ, ఊళ్ళో అందరితో ఎంతో మర్యాదగా ఉంటాడనీ విన్నాను. వయసు మీద పడితే కోపాలు వాటంతటవే చల్లారతాయని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇన్నేళ్ళలో ఎవరెవరి మీదో ఉన్న చిల్లర కోపాలన్నీ నిజంగానే ఎటో పోయాయి, కారణాలు కూడా గుర్తులేవు. ఇది మాత్రం ఏడాదికేడాది ఇంకా తేటపడుతోంది. దీన్ని మరిచిపోయేంత కాలం నా దగ్గర లేదు, ఉన్నా అందుకు ఖర్చుపెట్టను.