ఖాళీ కారులో రత్నాబాయి గొంతు

శంకర్రావు వరసగా ఒంటిగదులుండే మా చాల్‌లో మొదటి అంతస్తులో, మెట్ల పక్క ఖోలీలో ఉంటాడు. వాళ్ల తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి ఈ ఊరొచ్చాడు. తండ్రి తాపీ పని చేశాడు. ఆ ఇంట్లో సిమెంటు ముట్టనివాడు శంకర్రావు ఒక్కడే. కుర్రతనంలోనే స్టీరింగు పట్టి, జుట్టు నెరిసేదాకా నల్లా పసుపూ టాక్సీ నడిపాడు. గడువు తీరి ఆ బండి తుక్కుకి పోయిన రోజున అన్నం తినకుండా ఖోలీ ముందు గ్యాలరీలోనే నిలబడిపోయాడు.

ఆ తర్వాత కూతురు మనాలి పట్టుబట్టి కరెంటు కారు కొనిపించింది. ఒక యాప్ కంపెనీకి నడిపేవాడు. గేరు లేదు, చప్పుడు లేదు. ముందర పలకంత తెర. మ్యాపు, పాటలు, ఏసీ, ఫోను, అన్నీ అందులోనే. శంకర్రావుకి ఆ తెరతో మొదటినుంచీ పొసగలేదు.

"టాక్సీల ఏ బటన్ ఎక్కడున్నదో చెయ్యికి ఎరుకుండె. దీన్ల ప్రతిదానికీ కండ్లు పెట్టి చూడాలె. రోడ్డు చూడాల్నా, దీని మొకం చూడాల్నా?" అనేవాడు.

ఫోను కారుకి కలిపితే తప్ప మ్యాపు తెరమీదికి రాదు. కలిపినా, వంతెన మధ్యలో ఉండగా తెర నల్లబడి మ్యాపు మాయమయ్యేది. వెనక కూర్చున్నవాళ్లు విసుక్కునేవారు. ఇన్నేళ్ల ట్రాఫిక్ హోరుకి చెవులు మందగించిన మనిషి కాబట్టి కారులో సౌండు ఎప్పుడూ నిండుగా పెట్టి ఉంచేవాడు.

భార్య రత్నాబాయి వర్లిలో ఒక టవర్‌లో ఎవరింట్లోనో వంట చేసేది. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, మధ్యాహ్నం దాటాక బస్సులోనే వచ్చేది. గట్టి మనిషి. నలతగా ఉందని ఎప్పుడూ మంచం పట్టగా మేం చూడలేదు. మొగుడికి కారుండీ బస్సెందుకని ఎవరైనా అడిగితే, "ఆ గాడి సవారీలకు. నాకెందుకు?" అని నవ్వేది.

వానాకాలం మొదట్లో కారుకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. వేసుకోమంటారా అని తెర అడిగితే శంకర్రావు సరేనని నొక్కాడు. ఆ రోజు నుంచీ కొత్త తంటా మొదలైంది. తాళం వేసినా కారు నిద్రపోదు, తెర వెలుగుతూనే ఉంటుంది. కారు నిలిపేది సరిగ్గా అతని ఖోలీ కింద. అందువల్ల పైకొచ్చి కూర్చున్నా అది అతని ఫోనుని వదలదు. ఫోను చేతిలోనే మోగుతుంది. ఎత్తి హలో అంటే మాత్రం చెవిలో ఏమీ వినపడదు. అవతలివాళ్ల గొంతు కింద గల్లీలో, ఖాళీ కారులో పలుకుతుంది. ఇతని మాట అవతలికి చేరదు.

మొదటిసారి గల్లీ అంతా నవ్వింది. రత్నాబాయి వర్లి నుంచి ఫోన్ చేసి, "ఓ మనాలి బాపూ, చాపలు తెచ్చినవా, లేకుంటే మల్ల పప్పేనా?" అని అడిగితే, ఆ మాట కారు పక్కనే గోడవారన రేకు కింద బల్ల వేసుకున్న ఇస్త్రీ ఎల్లయ్యకి వినపడింది.

"తెచ్చిండు వదినా, తెచ్చిండు!" అని ఎల్లయ్య కారుకే జవాబిచ్చాడు.

శంకర్రావు నవ్వలేదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. కారు కంపెనీ సర్వీసు సెంటరుకి బండి తీసుకెళ్లాడు. అక్కడి కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. ఇది చాలామందికి వస్తున్నదే అంకల్, వచ్చే అప్‌డేట్‌లో పోతుంది, అప్పటిదాకా ఇంటికెళ్లేటప్పుడు ఫోనులో బ్లూటూత్ ఆపేసుకోండి, అన్నాడు. అప్పటినుంచి మెట్లెక్కే ముందు ఆపడం, బండెక్కాక పెట్టడం అలవాటు చేసుకున్నాడు. మరిచిపోతే రత్నాబాయి గుర్తుచేసేది.

ఆ రోజు పొద్దుటినుంచీ వాన. ఎయిర్‌పోర్టు సవారీలు చేసి, మధ్యాహ్నం తడిసి ముద్దై వచ్చాడు. గల్లీలో చీలమండల లోతు నీళ్లు. చెప్పులు ఒక చేత్తో, సరుకుల సంచి ఒక చేత్తో పట్టుకొని పైకెక్కాడు. బట్టలు మార్చుకొని నడుం వాల్చగానే ఫోను మోగింది. రత్నాబాయి.

"హలో."

చప్పుడు లేదు.

"హలో, రత్నా! ఇనొస్తలేదు." లేచి గ్యాలరీలోకి వెళ్లి మళ్లీ అరిచాడు. వానకి సిగ్నల్ పోయిందనుకొని పెట్టేశాడు. వెంటనే మళ్లీ చేసింది. మళ్లీ అంతే. బస్సులో ఉన్నట్టుంది, ఇంటికొచ్చి చెప్తుందిలే అనుకొని ఫోను దిండు పక్కన పడేసి కళ్లు మూసుకున్నాడు. బ్లూటూత్ సంగతి తట్టనే లేదు.

ఆ తర్వాత మరోసారి మోగింది. ఈసారి నిద్రమత్తులో ఎత్తి, హలో అని, ఏమీ వినపడక పట్టుకొనే ఉన్నాడు. అంతలో కిందినుంచి ఎల్లయ్య కేక.

"శంకర్రావ్! నీ గాడిల ఎవడో మొగాయన మరాఠిల మాట్లాడుతున్నడు! రత్నవదిన పడిపోయిందంటున్నడు! జల్ది రా!"

అతను దిగిన తీరు నేను చూశాను. కాలికి చెప్పుల్లేవు, చేతిలో ఫోను. కారు తాళం పైనే మరిచాడు. మూసిన అద్దాల లోపలినుంచి ఎవరో అడుగుతున్నారు, ఈ ఫోను మీ ఇంటావిడదేనా, బస్‌స్టాపులో పడిపోయింది, టాక్సీలో తీసుకెళ్తున్నాం, వింటున్నారా అని. శంకర్రావు చేతిలోని ఫోనులోకి అరిచాడు. అది అవతలికి పోలేదు. అద్దానికి నోరు ఆనించి, "ఏ హాస్పిటల్? భావూ, ఏ హాస్పిటల్?" అని అరిచాడు. పిడికిలితో అద్దం బాదాడు. లోపలి మనిషి రెండుసార్లు హలో అని పెట్టేశాడు.

"ఫోన్ల బంద్ చెయ్యి, బ్లూటూత్ బంద్ చెయ్యి!" అని నేనన్నాను. తడి వేళ్ల నుంచి ఫోను జారి నీళ్లలో పడింది. తీసుకొని నీళ్లలోనే ఫాక్‌లాండ్ రోడ్డు దాకా పరుగెత్తాడు. అక్కడికి కారు బ్లూటూత్ అందదు. అక్కడ నిలబడి రత్నాబాయి నంబరుకి ఫోన్ చేస్తే అప్పుడు వినపడింది.

హాస్పిటల్‌కి అతను చేరేసరికి ఆమె ముఖం మీదికి దుప్పటి కప్పి ఉంది. గుండె, అన్నాడు డాక్టరు. ముందే తెచ్చుంటే బతికేదా అని అడిగితే, ఇప్పుడు చెప్పలేనన్నాడు. ఎర్రకళ్లతో వచ్చిన మనాలి ఒక్కమాటే అడిగింది.

"పప్పా, మమ్మీ నీకు ఫోన్ చేసింది కదా. నీకు వినపడలేదా?"

శంకర్రావు తల అడ్డంగా ఊపాడు.  కారు కొనమన్నది ఆ పిల్లే.

చావు పనులు ముగిశాక అతను ఎల్లయ్య బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఎల్లన్నా, మొదటి రెండు ఫోన్లు కూడ నువ్వు ఇన్నవా?"

ఎల్లయ్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "ఇన్న. పైనుంచి నువ్వు హలో హలో అంటున్నవు. మీరిద్దరు మాట్లాడుకుంటున్రనుకున్న. మొగుడు పెండ్లాల మాట నేనెందుకు ఇనాలె అని పనిల పడ్డ."

"ఏమన్నది?"

"'నాకు ఎట్లనో అయితున్నది, చెమటలు పడుతున్నయ్, బస్‌స్టాపుల కూసున్న, గాడి ఏసుకొని రా' అన్నది. రెండోసారి వానకు సమజ్ కాలేదు. నీ పేరు పెట్టి పిలిచింది."

 పెళ్లైనప్పటినుంచీ రత్నాబాయి శంకర్రావుని పేరు పెట్టి పిలవలేదు.

మర్నాడే సర్వీసు సెంటరుకి వెళ్లాడు. నేను తోడు వెళ్లాను. అతను గొడవ చెయ్యలేదు, పరిహారం అడగలేదు. "ఆమె మాటలు బండిలోనే వచ్చాయి సాబ్. బండిలో ఎక్కడో ఉంటాయి కదా. ఒక్కసారి వినిపించండి చాలు" అని హిందీలో అడిగాడు. ఆ కుర్రాడు లోపలికి వెళ్లి పెద్దాయన్ని తీసుకొచ్చాడు. కారు మాటలు దాచుకోదు, వినిపించి వదిలేస్తుంది, అన్నాడు పెద్దాయన. బండిని అరగంట పరీక్ష చేసి, లోపమేమీ లేదన్నారు. మేం లేచి వస్తుంటే ఎవరో మంచినీళ్లు ఇవ్వబోయారు. శంకర్రావు తీసుకోలేదు.

బండి అమ్ముతాడనుకున్నాం. ఇంకో పని రాదు. ఆ కారే నడుపుతున్నాడు. మా దగ్గర గ్యారేజీ శివరాం చేత స్పీకర్ల తీగలు తెంపించేశాడు. ఇప్పుడు దానికి పాట లేదు, దారి చెప్పే గొంతు లేదు. పాట పెట్టమని అడిగి, లేదంటే ఎక్కినవాళ్లు యాప్‌లో తక్కువ స్టార్లు ఇచ్చి పోతారు. మంచి సవారీలు రావడం తగ్గిపోయింది. వానలు వెనకబట్టాక ఇంకో అప్‌డేట్ వచ్చింది. చిన్న లోపాలు సరిచేశాం అని తెరమీద ఒక వాక్యం. అది వేశాక తాళం వెయ్యగానే తెర నిజంగానే ఆరిపోతోంది.

సాయంత్రాలు బండి నిలిపి ఎల్లయ్య దగ్గరే కూర్చునేవాడు.

"ఇంకేమన్నదన్నా? గుర్తు చేసుకో."

"అంతే శంకర్రావ్. దేవుని మీద ఒట్టు."

"రెండోసారిది. ఒక్క మాటన్న."

రోజూ అదే. పాపం ఎల్లయ్య ఎంతని తట్టుకుంటాడు? ఒకరోజు తల వంచుకొని చొక్కా మడుస్తూ, "'పిల్లను బాగ చూసుకో, నువ్వు ఫికర్ చేయకు' అన్నది. ఇప్పుడు యాదికొచ్చింది" అన్నాడు.

 శంకర్రావు లేచి, ఎల్లయ్య భుజం మీద చెయ్యి వేసి, పైకొచ్చేశాడు. మెట్ల దగ్గర నేను కనిపిస్తే ఆగాడు.

"రత్న అట్ల అనేది కాదు. నొప్పిల ఉన్నది. భయపడ్డది. రా అని పిలిచింది. గంతే. ఎల్లన్న నా కోసం అబద్ధం చెప్పిండు."

"మరి ఆయనతో అనలేదేం?"

"ఏమనాలె? ఆయనకు కూడ నిద్ర పడతలేదు."

ఆ మరుసటి వారం ఎల్లయ్య తన బల్లని పక్క గల్లీకి మార్చేసుకున్నాడు. అక్కడ గిరాకీ తక్కువ, ఎండ ఎక్కువ. ఎందుకు మార్చావని ఎవరూ అడగలేదు. శంకర్రావు తన బట్టలు ఇప్పుడు ఇంట్లోనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. గల్లీలో ఎదురుపడితే ఇద్దరూ వాన గురించి, నీళ్ల గురించి రెండు మాటలు మాట్లాడుకొని ఎవరి దారిన వాళ్లు పోతారు.