సమ్మెట దారిలోకి వచ్చిన తల

ఏబైల నడుమ, వరుసగా వానలు మొగం చాటేసిన కాలమది. బెళుగుప్పకు పడమటనున్న మా చేనిలో బావి అడుగంటింది. భాషాప్రవీణ పరీక్ష వ్రాసి వేసవికి ఇల్లు చేరిన నేను, కావ్యాలను అటకపై ఉంచి, నాయనతో కలిసి బావిలోకి దిగాను. అడుగున పరచుకొన్న నల్లరాతిని తొలిచి, మందు కూరి పేల్చితే తప్ప ఊట అందదు.

ఆ తొలచడానికొక పద్ధతి ఉండేది. మూరెడు ఇనుప ఉలిని నాయన గొంతుకూర్చొని నిలువుగా పట్టుకొనేవాడు. నేను సమ్మెటతో మోదేవాణ్ణి. దెబ్బ దెబ్బకూ ఆయన ఉలిని కొంచెం త్రిప్పి "ఊఁ" అనేవాడు. అది వినబడగానే నా చేతులు లేచేవి. నడుమ ఆలోచనకు చోటులేదు.

ఆ మధ్యాహ్నం కూడా "ఊఁ" అన్నాడు. సమ్మెట తలపైకి లేచింది, క్రిందికి మళ్ళింది. అంతలో ఉలి చుట్టూ రాతిపిండి తడిసినట్లు ఆయన కంటబడింది. మట్టిలో తేమను వాసనతో పోల్చుకోవడం కరవునేల రైతుకు ఊపిరివంటి అలవాటు. ఉలిని విడువకుండానే ముక్కు రాతికి ఆనేటట్లు వంగాడు. సమ్మెట దారిలోకి ఆయన తల వచ్చింది.

నేను ఆపాలనుకోలేదు. అనుకొనే వ్యవధి ఎక్కడిది? భుజాలు వాటంతట అవే బిగిశాయి. సమ్మెట గాలిలో నిలిచి, తన బరువుతో నన్ను ప్రక్కకు లాగి కూలవేసింది.

"ఏమప్పా, ఆపినావే? పొద్దున తిన్న సంగటి సాల్లేదా?" తల ఎత్తకుండానే అడిగాడు నాయన.

పైన గట్టుమీద రాళ్ళగంప లాగుతున్న చిన్నాయన అంతా చూశాడు. "అన్నా! నీ తలకాయ ఆడే ఉండాదా? తడుముకో!" అని అరిచాడు.

"యాడికి పోతాది లేరా. నువ్వు తాడు సూసుకో."

మోదమన్న ఆజ్ఞ ముందే బయలుదేరి కండరాలను చేరుకొంది. వద్దన్న ఆజ్ఞ వెనుక బయలుదేరి, దానిని దారిలోనే అందుకొంది. రెండింటినీ పంపినది ఒకే మెదడని, రెప్పపాటు ఆలస్యమైతే ఆ రెండవది చేరినా ఫలముండదని తరువాతికాలంలో చదివాను. చదివినకొద్దీ అబ్బురం పెరిగిందే కాని తగ్గలేదు. నాకంటె ముందు నాలో మేలుకొన్నదెవరు? నేనని ఇన్నాళ్ళూ పిలుచుకొన్నవాడు, పని ముగిశాక వచ్చి చూసినవాడేనా?

అప్పటికి మాత్రం రాతిమీద కూలబడి ఉన్నాను. నాయన చిటికెడు తడిపిండి తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"వాసన సూడప్పా. నీళ్ళు వస్తాండాయి."

నాకే వాసనా తెలియలేదు. ధూళితో తెల్లబడిన ఆయన తలను చూస్తూ, వస్తున్నాయన్నాను.