మా దర్వాజ ఎవరు నిలబెట్టారు

మొన్న ఆదివారం కోరుట్లలో మా బావగారి మనవడి గృహప్రవేశానికి వెళ్ళి వచ్చిన దగ్గర నుంచి నాకు ముద్ద దిగడం లేదు. బావగారంటే మా ఆయనకు అన్న, ఎనభై దాటిన మనిషి, చెవులు వినపడవు గాని ఆయన గొంతు మాత్రం ఇప్పటికీ వీధి చివరి దాకా వినపడుతుంది. మూడంతస్తుల ఇల్లు, గేటు నుంచి మెట్ల దాకా బంతిపూలు, గుమ్మానికి టేకు దర్వాజ, దానికి పసుపూ కుంకుమా మామిడాకులూ, ఏ లోటూ లేదు. మనవడి భార్యకు ఎనిమిదో నెల. పట్టుచీరలో చెమటలు కారుతుంటే పీటల మీద కూర్చుంది పాపం. అంటే ఆ దర్వాజ నిలబెట్టిన నాటికే ఆ పిల్ల కడుపుతో ఉంది. కొబ్బరికాయ కొట్టి దాన్ని నిలబెట్టింది కూడా మా బావగారేనట. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనకూడదు కూడా, ఆ పిల్ల చల్లగా ఉండాలి, పండంటి బిడ్డను ఎత్తుకోవాలి. కాని ఇదే పెద్దమనిషి ఒకప్పుడు నా కడుపు చూపించే కదా నా ఇంటికి దర్వాజ లేకుండా చేశాడు! అది తలుచుకునేసరికి నా ఒళ్ళు భగ్గున మండింది.

అక్కడితో ఆగినా బాగుండేది. భోజనాలయ్యాక ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చుట్టూ చేరిన చుట్టాలకు తన గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు.

"తమ్ముడు దుబాయిల ఉండె. ఇంట్ల మొగదిక్కు లేకపాయె. గా పొలం కాడి ఇల్లు నేనే నిలబెట్టిన. దర్వాజ నా చేతుల మీదనే లేసింది."

అందరూ తలలు ఊపారు. వాళ్ళు ఊపితే ఊపారు, నా కన్నబిడ్డ, నాకున్న ఒక్కగానొక్క బిడ్డ, ఆయన కాళ్ళకు మొక్కి, "మా దర్వాజ వంకరయ్యి తలుపు ఈడ్సుకుంటున్నది పెద్దబాపూ, శుక్రవారం తీసి కొత్తది పెట్టిపిస్తున్న, దానికి సుత నువ్వే చెయ్యి పెట్టాలె" అన్నది. నేను చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేసి లేచి బయటికి వచ్చేశాను. ఆ ఇంటి నీళ్ళు కూడా తాగబుద్ధి కాలేదు.

మరి అక్కడే ఎందుకు అడగలేదు అంటారేమో. అడగకపోవడానికి కారణం ఉంది, చెప్తాను, కాని ముందు ఆ ఇల్లు ఎట్లా లేచిందో చెప్పాలి.

మాది రాయికల్ దగ్గర పల్లె. నా తల్లిగారిది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. పెళ్ళయిన మూడో ఏడు అన్నదమ్ముల పంపకాల్లో ఊళ్ళో ఇల్లు పెద్దవాడికని, బావి పక్కన పొలం మాకని తేల్చారు. పొలం అయితే ఇచ్చారు, తల దాచుకోవడానికి గూడేది? మా ఆయన దుబాయి నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చినప్పుడు, బావి ఒడ్డునే రెండు గదుల ఇల్లు వేసుకుందామని ముగ్గు పోశాం. ఆ రెండు నెలలూ మాత్రం నేను ఎప్పటికీ మరచిపోను. ఆయన ఎద్దుల బండి మీద రాళ్ళు తెచ్చి పునాది నింపేవాడు, నేను బావి నుంచి నీళ్ళు మోస్తే ఇద్దరం కలిసి మోకాళ్ళ దాకా మట్టిలో దిగి తొక్కేవాళ్ళం, మధ్యాహ్నం మక్కగట్కలో పచ్చిపులుసు పోసుకొని అక్కడే గట్టు మీద కూర్చొని తింటూ, ఇక్కడ పొయ్యి, ఇక్కడ వడ్లు పోసే గుమ్మి, ఇక్కడ పిల్లల తొట్టెల అని గాలిలోనే ఇల్లంతా సర్దేసుకునేవాళ్ళం. తొట్టెల మాట నేను ఊరికే అన్నాను. ఆయన విమానం ఎక్కిన పదిహేను రోజులకు తెలిసింది, అది ఊరికే అన్న మాట కాదని.

ఒక పక్క నాకు వాంతులు, ఒక పక్క గోడలు. కూలీలు వరుస మీద వరుస పెడుతుంటే నేను నీళ్ళూ మట్టీ అందిస్తూనే ఉన్నాను. దర్వాజ, అదే గుమ్మానికి పెట్టే ద్వారబంధం, వేపచెక్కతో చేయించి బావి దగ్గర పడుకోబెట్టి ఉంచాం. దాన్ని నిలబెట్టడం మనవైపు ఎంత పెద్ద పనో మీకు తెలియంది కాదు. దర్వాజ లేచిందంటేనే ఇల్లు లేచినట్టు. అప్పటిదాకా అది వట్టి గోడలే. సరిగ్గా ఆ సమయానికి మా బావగారు వచ్చి అడ్డం నిలబడ్డాడు. ఆ రోజుల్లో బావ మరదలి మొహం చూసి మాట్లాడేవాడు కాదు, పక్కనున్న మా అత్తకు చెప్పినట్టు చెప్పాడు.

"కడుపుతోటి ఉన్నప్పుడు దర్వాజ ఎత్తొద్దని చెప్పు ఆమెకు. కాన్పు కానీ, అప్పుడు సూద్దాం."

ఊళ్ళో అందరూ నమ్మే మాటే, నేనూ నమ్మాను, కడుపులో బిడ్డకు ఏమన్నా అవుతుందంటే ఏ తల్లి ఎదురు చెబుతుంది? గుమ్మానికి జాగా వదిలి, పైన దూలం వేసి, పెంకులు కప్పించి ఊరుకున్నాను. అదిగో, అప్పుడే నావల్ల ఒక పొరపాటు జరిగింది. ఆరో నెలలో ఒక రోజు నీళ్ళు మోసి మోసి నడుము లాగేస్తుంటే, బావి దగ్గర పడుకోబెట్టిన ఆ దర్వాజ చెక్క మీదే కాసేపు కూర్చున్నాను. అది మా యారాలు, అంటే బావగారి భార్య, చూసింది. చూసి ఊరుకుంటే ఆమె మా యారాలే కాదు. నిలబెట్టని దర్వాజ మీద కడుపుతో కూర్చున్నదని సాయంత్రానికల్లా ఊరంతా చెప్పింది.

ఏడో నెలలో తల్లిగారింటికి పోయాను, సిరిసిల్ల దవాఖానలో బిడ్డ పుట్టింది. ముక్కూ మొహం అంతా వాళ్ళ నాయనే. నేను దాన్ని చూసుకొని మురిసిపోతుంటే మా ఊరి నుంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? దర్వాజ మీద కూర్చున్నందుకే ఆడపిల్ల పుట్టిందట! ఇంకో మాట కూడా వచ్చింది. ఆడపిల్లే కదా, ఇంటికి తొందరేముంది, తమ్ముడు వచ్చినాక చూసుకుందాం అన్నాడట మా బావగారు. ఈలోగా ఖాళీగా ఎందుకని తన బర్రెలను మా ఇంట్లో కట్టేసుకున్నాడు. దర్వాజ లేనిది ఇల్లెట్లా అవుతుంది, కొట్టమే అవుతుంది అని ఆయన న్యాయం. దర్వాజ లేకుండా చేసిందెవరు మరి?

ఆ వారమే మా ఆయన దగ్గర నుంచి క్యాసెట్ వచ్చింది. ఉత్తరాలు రాయడం రానివాళ్ళంతా అప్పట్లో టేపులో మాటలు నింపి పంపేవాళ్ళు, గల్ఫు ఇళ్ళవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా ఊరి మనిషి చేతికిచ్చి పంపితే, అతను టేపు రికార్డరు కూడా పట్టుకొని తంగళ్ళపల్లి వచ్చాడు. మా వాకిట్లో పదిమంది చేరి వింటున్నారు. కాన్పు ఎప్పుడని అడిగాడు, నా ఆరోగ్యం అడిగాడు, ఆ తర్వాత, "కాన్పు అయినంక అన్నా వదినె పీటల మీద కూసోని దర్వాజ పెడతరు, అన్న ఎట్ల చెప్తే గట్ల ఇను" అన్నాడు. పదిమందిలో ఆ మాట వినాల్సి వచ్చినందుకు నాకు తల కొట్టేసినట్టయింది. టేపుకు ఎదురు చెప్పలేం కదా. నేను మట్టి తొక్కిన ఇంటికి వాళ్ళు పీటల మీద కూర్చుంటారా? కూర్చుంటే రేపు ఆ ఇల్లు ఎవరిదని అంటారు? ఆయన మీద నాకు ఆ రోజు వచ్చిన కోపం, చెప్పుకుంటే పాపం గాని, ఆయన పోయి ఇన్నేళ్ళయినా పూర్తిగా పోలేదు.

ఇరవై ఒకటో రోజు పురుడు చేసి బిడ్డను తొట్టెల్లో వేశారు. మర్నాడే మూట కట్టాను. మూడో నెల దాకా పంపనని మా అమ్మ తిట్టింది, ఏడ్చింది, చివరకు తనే సంచీ సర్దుకొని నా వెంట బయలుదేరింది. సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా కోరుట్ల, కోరుట్ల నుంచి రాయికల్, బస్సులు మారి మారి ఊరు చేరి, నేరుగా పొలానికే పోయాం. లోపల నాలుగు బర్రెలు, ముందు గదిలో పేడ. పచ్చి బాలింతను, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బలం, బర్రెలను విప్పి బయటికి తోలాను. చెక్కపని చేసే వడ్లాయన కోసం కబురు పంపితే, మీ బావ చెప్పనిదే రానన్నాడు. సరే, రాకపోతే పోయాడు! దర్వాజ అక్కడే ఉంది, మేమూ అక్కడే ఉన్నాం.

ఇంతలో మనవరాలు వచ్చిందని తెలిసి మా అత్త చెంబుతో వేడినీళ్ళు పట్టుకొని పొలానికి వచ్చింది. ఆమెకూ మా అమ్మకూ పెళ్ళినాడు సారె దగ్గర మొదలైన తగవు ఇంకా తెగలేదు, ఒకరినొకరు చూస్తే మూతి తిప్పుకునేవాళ్ళు. మేము ఏం చేస్తున్నామో చూసి మా అత్త దూరంగా నిలబడిపోయింది. మామగారు పోయాక ఆమెను ఏ శుభకార్యంలోనూ ముందుకు రానివ్వలేదు, ఆమే వచ్చేది కాదు.

"నేను ముట్టొచ్చునా వదినే?" అని మెల్లగా అడిగింది మా అమ్మను.

"ఇగ గది తర్వాత అడుగుదువు. ముందుగాల గా దిక్కు పట్టుకో, మీద పడుతున్నది!" అన్నది మా అమ్మ.

అట్లా ఒక పక్క మా అమ్మ, ఒక పక్క మా అత్త ఆ వేప దర్వాజను నిలబెట్టి పట్టుకుంటే, బిడ్డను గంపలో పాత చీర మీద పడుకోబెట్టి నేను సందుల్లో రాళ్ళు దిగ్గొట్టి మట్టి కూరుతున్నాను. సరిగ్గా చివరి రాయి కొట్టేటప్పుడు గంపలో నుంచి బిడ్డ కెవ్వుమంది. ఆ కేకకు అమ్మమ్మ, నాయనమ్మ ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. నా చేతిలో రాయి ఆగలేదు, దెబ్బ పడింది, దర్వాజ రెండు వేళ్ళంత పక్కకు ఒరిగి అట్లాగే బిగుసుకుపోయింది. ముగ్గురం దాన్ని చూశాం, బిడ్డను చూశాం, ఆ తర్వాత ఎందుకు నవ్వామో గాని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఆ ఇద్దరు వియ్యపురాళ్ళు కలిసి నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

బావగారు ఊగిపోతూ వచ్చాడు. ముహూర్తం లేదు, మొగుడు లేడు, ముండమోపి చేత దర్వాజ ముట్టిస్తారా అని కన్నతల్లినే అన్నాడు. మా అత్త మాత్రం తొణకలేదు.

"దర్వాజ లేసింది బిడ్డా. ఇగ నీ బర్లను నువ్వు తోలుకపో."

ఆమె ఆ రోజు నుంచి కన్నుమూసేదాకా మా ఇంట్లోనే ఉంది. మా బావగారు ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా వాకిట్లోనే కూర్చొని పోయాడు, మా ఆయన పోయిన నాడు కూడా పందిరి కిందనే కూర్చున్నాడు, గడప దాటలేదు.

మరి ఇదంతా బిడ్డకు ఎందుకు చెప్పలేదంటే, రెండేళ్ళకు తిరిగొచ్చిన మా ఆయన, అన్న పరువు పోతుందని, దర్వాజ అన్నే పెట్టించాడని నలుగురిలో చెప్పాడు. నేను రుసరుసలాడితే, "పోనియ్యవే, ఎవ్వరు పెడితే ఏంది" అన్నాడు. పోనిచ్చాను. పైగా నిజం చెప్పాలంటే ఆ దర్వాజ మీద కూర్చున్న సంగతీ, ఆడపిల్లని అన్న మాటలూ అన్నీ చెప్పాలి. నువ్వు పుట్టినందుకు ఇంత మాట అన్నారే అని కన్నబిడ్డకు ఏ నోటితో చెప్పను?

నా బిడ్డా అల్లుడూ జగిత్యాలలో ఉద్యోగాలు చేస్తూ పిల్లలతో నా దగ్గరే ఉంటారు. ఈ ఉదయం, రేపు తీసే పాత దర్వాజను చూసిపోవడానికి వడ్లాయన వచ్చాడు. గుండు దారం వేలాడదీసి చూసి నవ్వాడు. "గిది పనోళ్ళు పెట్టిన దర్వాజ కాదమ్మా. గిట్ల వంకర ఎవ్వలు పెడ్తరు?" అన్నాడు. బిడ్డ నా వైపు చూసింది. ఇక ఆగలేకపోయాను. బర్రెలు, క్యాసెట్, యారాలి మాట, ఏదీ దాచకుండా అంతా కక్కేశాను.

"నేను అప్పుడు ఎందుకు ఏడ్సిన అమ్మా?" అని అడిగింది బిడ్డ.

"ఆకలయ్యింది బిడ్డా, ఇంకేంది."

అది వెళ్ళి ఆ గడప మీద కూర్చుంది. ఇన్నేళ్ళూ గడప మీద కూర్చుంటే నేను కసిరేదాన్ని, ఇవాళ ఏమీ అనలేదు. ఒరిగిన ఆ చెక్కను చేత్తో పై నుంచి కింది దాకా తడిమి, వడ్లాయనను పంపించేసింది. పెద్దబాపును రావద్దని ఫోన్ చేయనా అని నేనంటే, ఎందుకు, పిలిచినం గదా, రానియ్యి అన్నది.

ఇప్పుడు దర్వాజలు ఆటోలో వచ్చి దిగుతున్నాయి, ఇద్దరు కుర్రాళ్ళు గంటలో బిగించి పోతున్నారు, ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో ఎవరూ అడగడం లేదు. మంచిదే, ఆ పట్టింపులు పోవడమే మంచిది. కాని మా మీద అవి రుద్దినవాళ్ళు ఒక్కసారైనా తప్పయిందని అనలేదే, పైగా మేము మోసిన బరువు కూడా తామే మోశామంటున్నారే, అదీ నా కడుపుమంట. ఆ దర్వాజను అటూ ఇటూ పట్టుకున్న మా అమ్మా లేదు, మా అత్తా లేదు. వాళ్ళిద్దరి పేరు ఎత్తడానికి ఊళ్ళో నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు అనుకునేదాన్ని, ఇవాళ్టి నుంచి నా బిడ్డ కూడా ఉంది.

రేపు శుక్రవారం. బావగారు వస్తారు, వంట చేసి పెడతాను, అతిథిని కాదనను. కాని తలుపు మాత్రం దగ్గరికి వేసే ఉంచుతాను. ఒరిగిన దర్వాజ కదా, ఊరికే నెడితే రాదు, కొంచెం పైకి ఎత్తి నెట్టాలి. మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. ఆ దర్వాజ నిలబెట్టిన మనిషికి తెలుసో లేదో వాకిట్లో నిలబడి నా బిడ్డ చూస్తుంది.