అమ్మకు వేసిన కుర్చీ

మా ఇంట్లో పనిచేసే యాదమ్మ గిన్నెలు తోమాక రబ్బరు చేతితొడుగులు విప్పి బాల్కనీ తీగ మీద ఆరేస్తుంది. కూకట్‌పల్లి ఎండకు అవి వేడెక్కితే మధ్యాహ్నం పూట ఒక ముదురు వాసన ఇల్లంతా పాకుతుంది. తలుపు మూయమంటుంది మా కోడలు. నేను మూయను. అది మా అమ్మ వాసన. తొమ్మిదో అంతస్తులో కూర్చున్నదాన్ని కాస్తా అరవయ్యో దశకం చివర్లో, మూసాపేటలో మేము కిరాయికున్న పెంకుటింటి వసారాలో వచ్చి పడతాను. అక్కడ కిరసనాయిలు స్టవ్ మీద, సత్తుగిన్నెలో, అమ్మ తన రబ్బరు తొడుగులు ఉడకబెడుతూ ఉంటుంది. ఏం కూర వండుతోందో అర్థంకాక ఇరుగుపొరుగు ముక్కులు మూసుకుంటూ ఉంటారు.

మేము రంగూన్ నుంచి వచ్చినవాళ్ళం. తాతల నాడు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి పోయిన కుటుంబం. అక్కడి సర్కారు పొమ్మనలేక పొగబెట్టేసరికి అదే సముద్రం మీద వెనక్కొచ్చాం. అందరూ దాన్ని స్వదేశానికి రావడం అన్నారు కానీ, అమ్మా నాన్నా అంతకుముందు ఈ నేల మీద కాలు పెట్టి ఎరగరు. అమ్మ రంగూన్ ఆసుపత్రిలో కాన్పులు చేసే నర్సు. అక్కడ ఆ పని చేసే ఆవిణ్ణి ‘సయామా’ అంటారు, అంటే పంతులమ్మ అని. ఎదురైతే వంగి పక్కకు తప్పుకునేవారు. ఏదైనా ఇచ్చేటప్పుడు కుడిచెయ్యి చాచి, ఎడమచేతిని మోచేతికి ఆనించి ఇచ్చేవారు. పుచ్చుకోవడమూ అంతే. మా ఇంట్లో ఉప్పు డబ్బా అందుకోవాలన్నా అదే పద్ధతి.

ఇక్కడ నాన్నకు ఫ్యాక్టరీలో పని దొరికింది. అమ్మ తన పట్టా తీసుకుని సర్కారు దఫ్తరుకు పోయింది, వెంట నేనూ పోయాను. అక్కడి గుమస్తా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇవి అక్షరాలా జిలేబీలా అని పక్కాయనకు చూపించి నవ్వాడు. ఈ పట్టా ఇక్కడ చెల్లదనీ, రంగూన్ నుంచి ధ్రువీకరణ తెప్పించుకోవాలనీ, లేకపోతే శిక్షణలో మళ్ళీ మొదటినుంచీ చేరాలనీ, అప్పటిదాకా నర్సునని చెప్పుకుంటే నేరమనీ చెప్పాడు. అమ్మ పట్టా మడిచి సంచీలో పెట్టుకుంది. తన చేతుల్లో ఎందరు పుట్టారో తనకే లెక్క తెలియని మనిషి, బస్సులో దారి పొడుగునా ఆ చేతులనే చూసుకుంటూ కూర్చుంది.

పిల్లలకు ఈ గొడవలేం పడతాయి? నాకు మూసాపేట తెగ నచ్చింది. వానలు వెనకబట్టగానే గచ్చిబౌలి వైపు గుట్టల నుంచి తట్టల్లో సీతాఫలాలు దిగేవి. వాటిని బియ్యంలో మాగబెట్టి, పొద్దున్నే లేచి ఒక్కొక్కటే నొక్కి చూసుకునేవాళ్ళం. బతుకమ్మ రోజుల్లో తంగేడు కోసం చెలకల వెంట పడి తిరిగి, చేతులు పసుపు చేసుకుని, నెయ్యి బెల్లం కారే మలీద ముద్దలు తినేవాళ్ళం. నాకు పాటలు రాకపోతే పక్కింటి పోశవ్వ నా చెయ్యి పట్టుకుని వలయంలో తిప్పింది. పోశవ్వ ఆ ఊరి మంత్రసాని. పని లేకపోయినా అమ్మ అలవాటుగా ఉడకబెట్టే తొడుగుల వాసన దేనిదో అడిగి తెలుసుకున్నది ఆమె ఒక్కతే. అమ్మను ‘చెల్లే’ అని పిలిచేది. అమ్మ శ్రీకాకుళం మాట ఆమెకూ, ఆమె తెలంగాణ మాట అమ్మకూ సగమే తెలిసేది, అయినా గంటలు గంటలు చెప్పుకునేవాళ్ళు.

ఒక ఉదయం పోశవ్వ ఉరుక్కుంటూ వచ్చింది. పటేల్ ఇంట్లో కోడలికి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందట. నర్సునని చెప్పుకోకూడదు గానీ మంత్రసానిని పట్టా అడిగే నాథుడెవడు? అమ్మ సంచీ అందుకుంది, నాన్న డ్యూటీకి పోయాడు గనక నన్నూ వెంటబెట్టుకుంది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి బిడ్డ కేర్‌మంది. పటేల్ తల్లి, ఎత్తుగా, మెడలో బంగారు గుండ్లతో ఉండే ముసలమ్మ, మంత్రసానికిచ్చే పాత చీర పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. అమ్మ నవ్వుతూ, రంగూన్ మర్యాదతో, ఎడమచెయ్యి మోచేతికి ఆనించి కుడిచెయ్యి చాచింది.

ముసలమ్మ ఒక్క ఉదుటున వెనక్కి జరిగింది. “జర దూరం నిలవడు. మైల మీద గిట్ల చెయ్యి సాపుతరా?” అని, చీరను పైనుంచి జారవిడిచింది. అది అమ్మ చేతికి అందక బురదలో పడింది. ఇంటికి పోయేముందు గొడ్ల కొట్టం దగ్గర నీళ్ళు పోసుకుని పొమ్మంది. సయామా మీద పోశవ్వ బిందెడు నీళ్ళు కుమ్మరించింది, తరవాత తనమీదా కుమ్మరించుకుంది. ఆమెకది అలవాటే.

మరునాడే అమ్మ శిక్షణలో చేరతానంది. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని నాన్న వంటింటి బాధ్యత నెత్తినేసుకున్నాడు. తన వయసులో సగం లేని ఆడపిల్లల మధ్య రెండేళ్ళు కూర్చుని, చేతులు ఎలా కడుక్కోవాలో మొదటి పాఠంగా నేర్చుకుని, అమ్మ తెల్లచీరతో బయటికొచ్చింది.

ఆ తరవాత పటేల్ కోడలికే రెండో కాన్పు. ఈసారి అమ్మ కోసం బండి పంపారు. ఆదివారం కావడంతో సంచీ మోస్తూ నేనూ పోయాను. మాయ పూడ్చడానికి, రక్తం కడగడానికి పోశవ్వనూ పిలిచారు. కాన్పయ్యాక ముసలమ్మ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. “కూసో నర్సమ్మా, చాయ్ తాగు” అంది. ఆ ముసలమ్మకు మా అమ్మ ఎవరో తెలియలేదు. తను బురదలో చీర పడేసింది ఈమెకేనని తట్టనేలేదు.

ఇప్పుడు అమ్మ తనెవరో చెబుతుందని ఎదురుచూశాను. అమ్మ కూర్చుంది. చాయ్ తాగింది. వాకిట్లో ముసలమ్మ పాత చీర పైనుంచి వదిలింది, పోశవ్వ ఒడుపుగా కొంగులో పట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు నా దగ్గర సంచీ గుంజుకుని పోశవ్వ మా వెనకాలే నడిచింది.

“పైలంగ నడువు నర్సమ్మా, రాళ్ళున్నయ్” అంది. చెల్లే అనలేదు. అమ్మ నిలబడిపోయి వెనక్కి చూసింది, మళ్ళీ నడిచింది.

ఇంటికొచ్చాక అమ్మ బావి దగ్గరికి పోయి, తెల్లచీర మీదే బొక్కెన తరవాత బొక్కెన కుమ్మరించుకుంది. నిన్నెవరూ పోసుకోమనలేదు కదమ్మా అన్నాను.

“పోశవ్వ పోసుకుంటా ఉంటాది కదే, ఇప్పుడు” అంది.

ఆ పెంకుటిల్లు లేదు, బావి మీదుగా రోడ్డు వెళ్ళింది, సీతాఫలాల గుట్టలు పగిలి అద్దాల మేడలయ్యాయి. అమ్మా లేదు, పోశవ్వా లేదు. మంత్రసాని అంటే మా మనవరాలికి తెలియదు, మైల అన్నా తెలియదు. కానీ మా అపార్ట్‌మెంట్‌లో పనివాళ్ళకు వేరే లిఫ్ట్ ఉంది. దాని మీది బోర్డు మొదటిసారి చదివిన రోజు మళ్ళీ ఆ వాకిట్లో నిలబడ్డ పిల్లనైపోయాను. యాదమ్మకు చాయ్ ఇచ్చేటప్పుడు నా ఎడమచెయ్యి దానంతటదే మోచేతికి చేరుతుంది.

“ఒక్క గ్లాసు గంత బరువైతదా అమ్మా?” అని నవ్వుతుంది యాదమ్మ. కుర్చీ చూపిస్తాను. గ్లాసు తీసుకుని, పోయి నేల మీదే కూర్చుంటుంది.