రెబెక్కాకి దొరికిన ఉద్యోగం

ఎంబీఏలో మిగతా పేపర్లన్నీ ఒక ఎత్తు, ఆ ఎంట్రప్రెన్యూర్‌షిప్ పేపరు ఒక్కటీ ఒక ఎత్తు. "ఉద్యోగం కోసం దేబిరించడం కాదమ్మా, మీరే పదిమందికి ఉద్యోగం ఇవ్వాలి" అని మాస్టారు చెప్తుంటే రెబెక్కాకి ఒళ్ళు పులకరించిపోయేది. ఆయనకి మాత్రం నెల తిరిగేసరికి ఠంచనుగా జీతం వచ్చేది, అది వేరే సంగతనుకోండి.

రెబెక్కాది నరసాపురం పక్కన లేసు అల్లే పేట. తల్లి జ్ఞానమ్మ, ఎదురింటి సువార్తమ్మ, ఆ వీధి ఆడవాళ్ళంతా ఏజెంటు భీమరాజు ఇచ్చిన దారంతో అల్లి, లేసు మళ్ళీ ఆయనకే ఇచ్చేవాళ్ళు. అక్కడొక కట్టుబాటుంది. ఒక ఏజెంటు దారం పట్టినవాళ్ళు ఇంకొకళ్ళ దారం ముట్టకూడదు. ముట్టారో, ఇక ఆ ఇంటికి ఏ ఏజెంటూ దారం వేయడు. రెబెక్కా లేసు మీదే ప్రాజెక్టు చేసింది గానీ అందులో ఈ మాట రాయలేదు. మాస్టారు అడగనూ లేదు. ఫస్టు మార్కు మాత్రం వేశారు.

చదువైపోయిన ఏడాది, అంటే 2003లో, తను పంపిన లేసు చూసిన చెన్నై షాపువాళ్ళు ఫోన్లో "శాంపిల్స్ బాగున్నాయి, ఆర్డర్ పంపిస్తాం" అన్నారు. అంతే, పిల్ల కాలు నేల మీద నిలవలేదు. ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడింది. "దేవుడు నాకు సొంత వ్యాపారం ఇచ్చాడు. మా వీధి అక్కలూ పిన్నులూ నాతో కలుస్తున్నారు" అని పేర్లతో సహా చెప్పేసింది. అందరూ స్తోత్రం అన్నారు. జరిగినదానికి సాక్ష్యం చెప్తారు గానీ, జరగబోయేదానికి ఎవరైనా చెప్తారా! సంతోషం పట్టలేకపోయింది, ఏం చేస్తుంది పాపం.

సోమవారం పొద్దున్నే భీమరాజు మనిషి సైకిలేసుకుని వచ్చాడు. చర్చిలో రెబెక్కా పేర్లు చెప్పిన ప్రతి ఇంట్లోనూ, వాళ్ళింట్లోనూ, సగం అల్లిన లేసుతో సహా దారమంతా ఎత్తుకుపోయాడు. చెన్నై వాళ్ళు ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు.

ఇక ఉద్యోగాల వేట. రాజమండ్రిలో ఒక ఫైనాన్స్ ఆఫీసులో ఇంటర్వ్యూ చేసిన సారు, ఈ వ్యాపారం సంగతి వింటూనే నవ్వాడు. "సొంతంగా పెట్టుకునే రకమన్నమాట. పని నేర్పితే రేపు చెప్పాపెట్టకుండా పోతావు. మాకు నిలకడగా ఉండేవాళ్ళు కావాలమ్మా."

"ఎక్కడికీ పోనండి. ఒట్టండి, పోనండి" అని బతిమాలింది. వింటేగా! కాకినాడలో ఇంకో సారుదీ అదే పాట.

ఇంటికొస్తే తల్లి ఖాళీ సూది చేత్తో పట్టుకుని గుమ్మంలో కూర్చునుండేది. అది చూస్తే రెబెక్కాకి చచ్చిపోదామనిపించేది. సువార్తమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోయి, వేళ్ళు పాసిపోయి తిరిగొచ్చింది. మహాతల్లి, తిట్టినా బాగుండేది.

చివరికి భీమరాజే కబురు పెట్టాడు. "నీకు ఇంగ్లీషు వచ్చు, ఆడవాళ్ళని కూడగట్టడం వచ్చు. నాకు పనికొస్తావు. ఇళ్ళకి దారం పంచే పని నీది. మీ అమ్మకి మళ్ళీ వేస్తాను. నీతో వచ్చిన మిగతావాళ్ళకి మాత్రం వద్దు. వాళ్ళకి తెలిసిరావాలి కదా."

"సువార్తమ్మ పిన్నికొక్కదానికైనా వేయండి, ఆమె..."

"చేస్తావా, వేరేవాళ్ళని చూసుకోమంటావా?"

"చేస్తానండి" అంది.

మొదటి రోజు దారం సంచి భుజాన తగిలించుకుని సొంత వీధిలోకి వచ్చింది. ఎవరి కళ్ళల్లోకీ చూడలేకపోయింది. సువార్తమ్మ తడిచేతులు తుడుచుకుంటూ గబగబా ఎదురొచ్చింది.

"ఉద్యోగం వచ్చిందంటగా తల్లీ! నీ కోసం చేయని ప్రార్థన లేదు" అని బుగ్గలు నిమిరింది. నిమిరి, దారం వేయమని తన కొంగు చాపి పట్టింది.

రెబెక్కా సంచి మూతి బిగించి పట్టుకుంది.

"నీకు లేదు పిన్నీ" అంది.