బాలింత గది కిటికీ

గణపవరం దగ్గర మా అత్తవారి ఊళ్లో నన్ను ఇప్పటికీ "బాలింత గది కిటికీ తీసిన కోడలు" అంటారు. అననివ్వండి. బిరుదు బాగానే ఉంది.

రెండో కాన్పయ్యాక తాడేపల్లిగూడెం ఆసుపత్రి నుంచి నేరుగా అత్తవారింటికే వచ్చాను. ముసురు పట్టిన చలికాలం. చేపల చెరువుల మీది గాలి బాలింతకు తగలకూడదని అత్తగారు కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టారు. పసిదానికి పొగ పడదని బొగ్గులు పెరట్లోనే ఎర్రగా రాజేసి తెచ్చేవారు. ఆవిడ ప్రేమకు వంక పెట్టను.

"పొగే లేదుగా, భయమెందుకమ్మా" అనేవారు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. పొగ లేని నిప్పు సంగతి మాకెవరూ చెప్పలేదు.

నాకు తల పగిలిపోయేది, కడుపులో తిప్పేది. గాలి సోకిందని ఇంకో చీర కుక్కారు. స్నానానికి పెరట్లోకి వెళ్తే తల తేలికపడేది, గదిలోకి రాగానే మళ్లీ మొదలు. కుంపటి మీద అనుమానమంటే చాదస్తమన్నారు.

ఒక మధ్యాహ్నం పాప పాలు తాగలేదు. అరికాలు గిల్లినా కళ్లు తెరవలేదు.

"బుద్ధిమంతురాలండీ, ఏడుపే లేదు" అని చూడొచ్చిన పొరుగింటావిడ మురిసిపోయింది.

నాకు భయంతో పాటు ఒళ్లు మండింది. చీరలన్నీ లాగిపారేసి కిటికీ తీశాను. పాపను గుండెలకు హత్తుకుని వాకిట్లోకి నడుస్తుంటే అత్తగారు అడ్డొచ్చారు.

"పచ్చి బాలింతవి, గాలి తగులుతుందమ్మా."

"తగలాలనే వెళ్తున్నానండీ."

వెంటనే ఏలూరు తీసుకెళ్లాం. డాక్టరుగారు పాపకు ఆక్సిజన్ పెట్టించారు.

"కార్బన్ మోనాక్సైడ్ అండీ. రంగుండదు, వాసనుండదు. రక్తంలో ఆక్సిజన్ చోటు అదే ఆక్రమించేస్తుంది. మూసిన గదిలో కుంపటైనా, జనరేటరైనా, షెడ్డులో ఆన్ చేసి వదిలేసిన కారైనా ఒకటే."

చాలాసేపటికి పాప ఏడ్చింది. అత్తగారు అక్కడే కూలబడి ఆవిడా ఏడ్చారు.

ఇంటికి రాగానే, చేపల చెరువు కాపలాకి మా ఆయన రాత్రిళ్లు పడుకునే గట్టు మీది గదిలోంచి జనరేటరు బయటికి మార్పించాను. ఊళ్లో ఏ బాలింతను చూడ్డానికెళ్లినా ముందు కిటికీ తీస్తాను. ముఖం మాడ్చుకునేవాళ్లు మాడ్చుకుంటారు.

పాపకిప్పుడు ఆరేళ్లు. ఆడపిల్లకు అంత గొంతేమిటండీ అని వీధంతా అంటుంది. నేను మాత్రం ఇంతవరకూ దాన్ని నోరు ముయ్యమనలేదు.